పెట్టెలో దొరికిన మిలటరీ ఉత్తరాలు: ఎలా చదవాలి, ఎలా దాచాలి

పర్లాకిమిడి నుంచి మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ ముత్తాతగారు 1941లో మిలటరీలో చేరి 1946లో ఇంటికొచ్చారు. ఆయన రాసిన ఉత్తరాలు, ఇంటి నుంచి ఆయనకు వెళ్లినవి కొన్ని, మీ తాతగారి తమ్ముడు 1971 యుద్ధం రోజుల్లో రాసినవి అన్నీ ఒకే ట్రంకుపెట్టెలో కలిసిపోయి దొరికాయి. మీరు ఒడియా మీడియంలో చదువుకున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ పాత చేతిరాత చదవలేరు. తెలిసినాయన చేత చదివిస్తే ఒక్కదాంట్లోనూ యుద్ధం ఊసే లేదు, అన్నీ వానలు, అప్పులు, జ్వరాలేనట. కొన్ని చోట్ల నల్లగా కొట్టేసి ఉంది. ముత్తాతగారు ఎక్కడ పనిచేశారో వీటిని బట్టి తెలుస్తుందా, లామినేషన్ చేయించాలా, కొంటానంటున్న డీలరుకి ఇవ్వచ్చా అన్నవి మీ ప్రశ్నలు.

తెలుస్తుంది, చాలావరకు. కాకపోతే మీరు లోపల వెతుకుతున్నారు, అది కవరు మీద ఉంటుంది. యుద్ధం సంగతులు రాయడానికి సిపాయికి అనుమతి లేదు. అందుకే ఉత్తరంలో ఇల్లు తప్ప ఇంకేం దొరకదు. ఎక్కడున్నాడు, ఎప్పుడున్నాడు, ఏ దళంలో ఉన్నాడు అన్నవి చిరునామా, పోస్టు ముద్ర, సెన్సారు ముద్ర, మనియార్డరు కూపను చెబుతాయి. లామినేషన్ మాత్రం వద్దు, ఎవరు చెప్పినా వద్దు. డీలరు సంగతి చివర్లో చెబుతాను.

నేను తపాలా శాఖలో గుమాస్తాగా చేరి, డిప్యుటేషన్ మీద ఆర్మీ పోస్టల్ సర్వీసులో పనిచేసి, బరంపురంలో రిటైరయ్యాను. ఆర్మీ పోస్టల్ వాళ్లలో ఎక్కువమంది ఇలా తపాలా శాఖ నుంచి వెళ్లినవాళ్లే. ట్రైనింగ్ సెంటరు నాగపూర్ పక్కన కామఠీలో. రిటైరయ్యాక గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ వైపు తెలుగు కుటుంబాలు తెచ్చి చూపించే కట్టలు చదివిపెట్టడం ఒక అలవాటుగా మారింది. కింద రాసేదంతా ఆ అనుభవంలోంచి.

ముందుగా, కట్టని విప్పకండి. మన ఇళ్లలో ఉత్తరాల్ని చెక్కబిళ్లకి దిగ్గొట్టిన ఇనుప తీగకి గుచ్చేవాళ్లు. మీ కార్డుల మధ్యలో తుప్పు మరకతో చిల్లు కనిపిస్తే అవి అలాంటి తీగ మీద నుంచి వచ్చినవే. తీగకి అన్నిటికంటే కింద ఉన్నది మొదట వచ్చింది. అంటే తేదీ వెయ్యని ఉత్తరం కూడా ఏ రెండింటి మధ్య వచ్చిందో తెలిసిపోతుంది. కట్ట ఏ వరసలో ఉందో అదే వరసలో ఫొటోలు తీసి, మెత్తటి పెన్సిలుతో మూలన నంబరు వేసి, ఆ తరువాతే విడదీయండి. ఇంట్లో పిల్లలు ఉత్సాహంగా ‘సర్దిపెట్టిన’ కట్టలు నా దగ్గరికి చాలా వచ్చాయి. పెద్ద కవర్లు ఒకవైపు, కార్డులు ఒకవైపు. ఎంత శ్రద్ధగా సర్దితే అంత సమాచారం పోతుంది. ఏ ఉత్తరం ఏ కవరులో ఉందో ఆ జత కూడా చెడగొట్టకండి.

ఇప్పుడు కవరు. రెండో ప్రపంచ యుద్ధం నాటి కవరు మీద పైన ‘ఆన్ యాక్టివ్ సర్వీస్’ అని చేత్తో రాసో, అచ్చు వేసో ఉంటుంది. పోస్టు ముద్రలో ఊరి పేరు ఉండదు. ఎఫ్.పి.ఓ. అనే అక్షరాలు, ఒక నంబరు, తేదీ ఉంటాయి. ఫీల్డు పోస్టాఫీసు సైన్యంతో పాటు కదిలేది. ఊరి పేరు వేస్తే సైన్యం ఎక్కడుందో శత్రువుకి చెప్పినట్టే కాబట్టి నంబరుతో సరిపెట్టారు. ఆ నంబరు గల పోస్టాఫీసు ఏ నెలలో ఎక్కడుందో తపాలా చరిత్ర మీద పనిచేసే ఫిలాటెలీ వాళ్లు, అంటే స్టాంపులు, పాత కవర్లు సేకరించేవాళ్లు, జాబితాలు తయారుచేశారు. వాళ్లకి మీ ముద్ర ఫొటో స్పష్టంగా పంపిస్తే నంబరుకి, తేదీకి సరిపోయే చోటు చూసి చెబుతారు. నంబరు ఒక్కటే చాలదు, తేదీ కూడా కావాలి. అదే నంబరు ఒక ఏడాది ఒక దేశంలో, తరువాతి ఏడాది ఇంకో దేశంలో ఉండి ఉండవచ్చు.

పంపినవారి చిరునామా ఇంకా విలువైనది. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, ఈ వరసలో ఉంటుంది. ఆర్మీ నంబరు కాగితం మీద రాసి భద్రంగా పెట్టుకోండి, రేపు ఏ రికార్డు ఆఫీసుకి రాసినా మొదట అడిగేది అదే. ర్యాంకు దగ్గర పొట్టి అక్షరాలు చూడండి. ‘ఎస్.పి.ఆర్.’ అని ఉంటే శాపర్, అంటే ఇంజనీరింగ్ దళం. మన తెలుగువాళ్లు ఎక్కువగా చేరిన మద్రాసు శాపర్లు అయితే వాళ్ల కేంద్రం బెంగళూరు. మద్రాసు రెజిమెంటు అయితే నీలగిరుల్లో వెల్లింగ్టన్. ర్యాంకు మారిన చోట కూడా గుర్తు పెట్టుకోండి. సిపాయి నాయక్ అయిన నెలలోనే ఇంటికి పంపే డబ్బు కాస్త పెరుగుతుంది, ఆ రెండూ ఒకదాన్నొకటి బలపరుస్తాయి.

మీ ఊరి చిరునామాలో ఒక చిక్కు ఉంది. పర్లాకిమిడి 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి కొత్త ఒరిస్సా రాష్ట్రంలో చేరింది. గజపతి జిల్లా ఏర్పడింది 1992 అక్టోబరు 2న. కాబట్టి మీ కవర్ల మీద జిల్లా గంజాం అనే ఉంటుంది. 1936 దాటిన తరువాత కూడా అలవాటు కొద్దీ ‘మద్రాసు’ అని రాసినవి నేను చూశాను. నౌపడ ముద్ర కనిపిస్తే కంగారు పడొద్దు, ఎవరో నౌపడలో పోస్టు చేశారని అనుకోవద్దు. మీ ఊరి చిన్న రైలు మెయిన్ లైనుని కలిసేది నౌపడ దగ్గరే. కోరాపుట్, జయపురం వాళ్లకి ఇంకో చిక్కు. 1936కి ముందు అదంతా విశాఖపట్నం జిల్లా. ఆ వైపు ఒక కుటుంబం, బర్మా నుంచి తిరిగిరాని తమ పెద్దాయన పేరు కోసం కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో కోరాపుట్ అని, ఒరిస్సా అని వెతికి వెతికి విసిగిపోయింది. నంబరుతో, విశాఖపట్నం జిల్లా పేరుతో వెతికితే దొరికింది. ఆయన పేరు రంగూన్ స్మారకం మీద ఉంది. సమాధి లేని దాదాపు 27,000 మంది పేర్లు చెక్కిన చోటు అది, తౌక్యాన్ అనే ఊరి శ్మశానవాటికలో ఉంది. మీ ముత్తాతగారు క్షేమంగా వచ్చారు కాబట్టి ఈ జాబితా ఆయన కోసం కాదు. ఆయన ఉత్తరాల్లో పేరు వచ్చి, ఆ తరువాత పేరు రాకుండా పోయిన స్నేహితులెవరైనా ఉంటే వాళ్ల కోసం చూడండి.

నల్ల కొట్టివేతల గురించి. కవరు మీద సెన్సారు ముద్ర, దాని నంబరు, కొన్నిసార్లు పక్కన పొట్టి సంతకం ఉంటాయి. భారతీయ సైనికుల ఉత్తరాలు చదవడానికి మన భాషలు తెలిసినవాళ్లతో ప్రత్యేక సెన్సారు విభాగాలుండేవి. ఊరి పేరు, ఓడ పేరు, దళం పేరు, చనిపోయినవాళ్ల లెక్క, ఇవి కనిపిస్తే కొట్టేసేవాళ్లు లేదా కత్తెరతో ముక్క కోసేసేవాళ్లు. ఈ విభాగాలు ఇంకో పని కూడా చేసేవి. జవాన్ల మనసు ఎలా ఉందో ఉత్తరాల్లోంచి ఏరి పైఅధికారులకి నివేదికలు పంపేవి. 1943లో బెంగాల్ కరువు నాటికి ఆ నివేదికల్లో పదే పదే వచ్చిన సంగతి శత్రువు గురించి కాదు, ఇంటి దగ్గర బియ్యం ధర గురించి. అందుకే మీ ఉత్తరాల్లో ‘యుద్ధం లేదు’ అని నిరాశపడకండి. తూర్పు సరిహద్దులో ఉన్న మనిషికి కంటి మీద కునుకు లేకుండా చేసింది గంజాంలో బియ్యం దొరక్కపోవడమే కావచ్చు.

కొట్టేసిన చోట మందులు, స్పిరిట్ పూసి తుడిచే ప్రయత్నం చెయ్యకండి. పక్కనుంచి వాలుగా టార్చి వెలుగు పడేట్టు పెట్టి ఫొటో తీయండి. పెన్సిలు గట్టిగా నొక్కి రాసినవైతే అక్షరాల నొక్కులు కనిపిస్తాయి. అన్ని కొట్టివేతలూ సెన్సారు వాళ్లవి కావు, ఇది కూడా గుర్తుంచుకోండి. రాయగడ వైపు ఒక ఇంట్లో ‘మిలటరీ రహస్యం’ అని తరాలుగా చెప్పుకుంటున్న ఒక కొట్టివేతని చూశాను. సిరా రంగు ఉత్తరం సిరాదే. వెలుగు పెట్టి చూస్తే, ఆ ఉత్తరం రాసిన ఇల్లాలు తోడికోడలు మీద ఏదో రాసుకుని, తరువాత తనే మనసు మార్చుకుని కొట్టేసుకుంది.

సెన్సారు కళ్లు కప్పడానికి ఇంటివాళ్లు, సిపాయిలు కలిసి ముందే కొన్ని సైగలు అనుకునేవాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సుకి వెళ్లిన మనవాళ్లు భారతీయ సైనికుల్ని నల్లమిరియాలని, తెల్లవాళ్లని ఎర్రమిరియాలని రాసిన ఉత్తరాలు సెన్సారు రికార్డుల్లోనే ఉన్నాయి. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో వాటి ఇంగ్లీషు అనువాదాలు దాచారు. మన వైపు సైగలు ఇంకా ఇంటి తరహాలో ఉంటాయి. గోపాలపురం రేవు నుంచి రంగూన్‌కి కూలికి వెళ్లనివాళ్లు లేని ఊరు ఆ రోజుల్లో గంజాంలో తక్కువ. ఒక సిపాయి ‘చిన్నమావయ్య పనికి వెళ్లిన దారిలోనే ఉన్నాను, ఇంకా ఊరు చేరలేదు’ అన్న అర్థం వచ్చేలా రాశాడు. చదివే సెన్సారు గుమాస్తాకి అదొక చుట్టరికం ముచ్చట. ఇంట్లో వాళ్లకి మాత్రం ఆయన బర్మా వైపు కదిలాడని అర్థమైపోయింది. మీ ఉత్తరాల్లో సందర్భం లేకుండా ఏ బంధువు పేరు దూరినా, వంశవృక్షంలో కనిపించని మావయ్య ఎవరైనా తగిలినా ఆ వాక్యం పక్కన గుర్తు పెట్టుకోండి. అయితే ప్రతి మావయ్యా సైగ కాదు. చాలామంది నిజంగా మావయ్యలే.

తేదీలు. పాత ఉత్తరాల్లో ఇంగ్లీషు తేదీ ఉండకపోవచ్చు. సంవత్సరం పేరు, మాసం, తిథి రాస్తారు. మీ ముత్తాతగారి కాలానికి పనికొచ్చే లెక్క ఇది: వృష 1941 ఉగాది నుంచి, చిత్రభాను 1942, స్వభాను 1943, తారణ 1944, పార్థివ 1945. తాతగారి తమ్ముడి ఉత్తరాలకి సాధారణ 1970, విరోధికృత్ 1971. ప్రతి ఏడాదీ ఉగాది నుంచి ఉగాదికి లెక్క కాబట్టి జనవరి, ఫిబ్రవరి ఉత్తరాలు ముందటి పేరులోకి వస్తాయి. అంకెలు తెలుగు అంకెల్లో ఉంటాయి, ౧, ౨, ౩ నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. చేతిరాత మాత్రం గొలుసుకట్టు అయితే కలం ఎత్తకుండా రాస్తారు, దానికి అలవాటున్న పెద్దవాళ్లే కావాలి. మీ ఊళ్లోనో కాశీనగరంలోనో పాత తెలుగు మాస్టార్లు, కరణాల ఇళ్ల వాళ్లు దొరుకుతారు. ఆయన గట్టిగా చదువుతుంటే మీరు ఫోనులో రికార్డు చేసుకోండి. మీరు తెలుగు మాట్లాడతారు కాబట్టి విని రాసుకోవడం మీకు కష్టం కాదు, ఒడియా లిపిలో రాసుకున్నా తప్పేం లేదు.

ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నా ఇంగ్లీషు కాని కాగితం ఏదైనా తగిలితే పక్కన పడెయ్యకండి. అప్పటి సైన్యంలో జవాన్లకి ఇంగ్లీషు అక్షరాలతో ఉర్దూ నేర్పేవారు. దాన్ని రోమన్ ఉర్దూ అనేవాళ్లు. కొత్తగా నేర్చుకున్న ముచ్చటతో ఇంటికి కూడా అలా ఒక్కో ముక్క రాసినవాళ్లున్నారు. పెద్దగా చదివితే హిందీ వచ్చిన ఎవరికైనా అర్థమవుతుంది.

దేశ చరిత్రలో తారీఖు తెలిసిన సంఘటనలు ఇంటి ఉత్తరాల్లోకి పక్కదారిన వస్తాయి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. విశాఖ నుంచి జనం లోపలి ఊళ్లకి పారిపోయారు. చిత్రభాను చైత్ర బహుళంలోనో వైశాఖంలోనో మీ ఇంటి నుంచి వెళ్లిన ఉత్తరంలో ‘విశాఖ నుంచి ఫలానా వాళ్లు పిల్లలతో వచ్చి మన ఇంట్లోనే ఉన్నారు’ లాంటి మాట ఉందేమో చూడండి. అలాగే ఉత్తరాలు ఆగిపోయిన కాలం కూడా ఒక ఆధారం. 1944 ఏప్రిల్ నుంచి జూన్ దాకా కోహిమా, ఇంఫాల్ దగ్గర పోరు జరిగింది. ఇంఫాల్‌కి రోడ్డు తెగిపోయి అంతా విమానాల మీదే నడిచింది. తారణ చైత్రం నుంచి జ్యేష్ఠం దాకా మీ కట్టలో ఒక్క ఉత్తరం లేక, ఆషాఢంలో ఒకేసారి వరసగా వస్తే ఆ వైపు ఆలోచించవచ్చు. ఇది ఊహ మాత్రమే అవుతుంది, ఎఫ్.పి.ఓ. నంబరు తోడైతే గానీ ఖాయం చెయ్యకండి. ఉత్తరాలు లేకపోవడానికి మామూలు కారణాలు కూడా ఉంటాయి. సెలవు మీద ఇంటికొచ్చి ఉండవచ్చు. ఆ కట్టని ఎలుక తినేసి ఉండవచ్చు.

కట్టలో ఉండని ఉత్తరాలు ఇంకో రకం ఉన్నాయి. చావు కబురు తెచ్చిన కార్డుని మనవాళ్లు చదివి చించేస్తారు, ఇంట్లో దాచరు. కాబట్టి మరణం ఉన్న చోట ఉత్తరం దొరకదు, ఆ తరువాతి ఉత్తరాల్లో దాని ఛాయ దొరుకుతుంది. పలకరింపుల్లో చి.ల.సౌ. అని ఉండే ఒక ఆడమనిషి పేరు ముందు ఉన్నట్టుండి గం.భా.స. (గంగాభాగీరథీ సమానురాలు) అని వస్తే, ఆ రెండు ఉత్తరాల మధ్య ఆమె భర్త పోయాడన్నమాట. పలకరింపులు ఒక్కటే మూస అని దాటవేస్తారు చాలామంది. నేను మొదట చదివేవి అవే. ఎవరి పేరు కొత్తగా చేరింది, ఎవరి పేరు జారిపోయింది, ఒక జాబితా రాసుకుంటే అయిదేళ్ల ఇంటి చరిత్ర చేతికొస్తుంది.

మనియార్డరు కూపన్లని ఉత్తరాలుగానే లెక్కించండి. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే అందరూ వీటినే చెత్తలో వేస్తారు. మనియార్డరు ఫారం కింద చిన్న కూపను ఉండేది, అందులో రెండు మూడు వాక్యాలు రాయవచ్చు. చదువు అంతంతమాత్రంగా వచ్చిన సిపాయికి అదే ఉత్తరం. డబ్బు ఎంత, ఏ తేదీ, ఏ ఆఫీసు అన్నవన్నీ ఆ చిన్న ముక్క మీద ఉంటాయి. ‘వడ్డీ కట్టు, మిగిలింది గుంటడికి బట్టలు’ అన్నంతలోనే ఆ మనిషి స్వభావం తెలిసిపోతుంది. రూ. 12-8-0 అని ఉంటే పన్నెండు రూపాయల ఎనిమిదణాలు. అణాల లెక్క 1957 ఏప్రిల్ 1తో పోయింది కాబట్టి అణాలున్న కూపను మీ ముత్తాతగారిది, పైసలున్నది మీ చిన్నతాతగారిది అని వేరు చెయ్యడానికి కూడా పనికొస్తుంది.

కూపను ఇంటి దగ్గర ఉండిపోతే, డబ్బు ముట్టినట్టు రసీదు సిపాయికి తిరిగి వెళ్లేది. సంతకం రాని తల్లి అయితే దాని మీద వేలిముద్ర వేసేది. గుణుపురం దగ్గర ఒక కుటుంబం తెచ్చిన డిశ్చార్జి బుక్కులో అలాంటి రసీదులు పేర్చి దారంతో కుట్టి ఉన్నాయి. ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం ఒక్కటీ ఆయన దాచుకోలేదు. తల్లి చెప్పగా రాసిన ఉత్తరం ఎవరి చేతిరాతో, కానీ వేలిముద్ర ఆమెదే గదా. వాళ్లు ఆ రసీదుల్ని ‘పాత లెక్కల కాగితాలు’ అని తీసిపారేయబోయారట. పనికొచ్చే సంగతి ఇంకొకటి. ఆ రసీదులు ఆయన యూనిట్ చిరునామాకి వెళ్లినవి కాబట్టి, ఎప్పుడెప్పుడు ఏ చిరునామాలో ఉన్నాడో వరసగా వాటి మీదే దొరికింది.

ఇంటి నుంచి వెళ్లిన ఉత్తరాలు మీ పెట్టెలో ఉండటం అదృష్టం. మామూలుగా అవి మిగలవు. మూట మోసుకుంటూ కదిలేవాడు చదివి, జేబులో నాననిచ్చి, చివరికి పారేస్తాడు. అందుకని చాలా కట్టల్లో సంభాషణ ఒక పక్కే వినిపిస్తుంది. రెండో పక్కని జవాబుల్లోంచి కట్టుకోవాలి. ‘నల్ల ఆవుని అమ్మొద్దు’ అని ఆయన రాశాడంటే అమ్ముదామని ఇంటి నుంచి అడిగారు. ఆ కబురు, ఈ జవాబు మధ్య నెలలు గడిచేవి, ఈలోగా ఆవు అమ్ముడైపోయేది కూడా. కవరు వెనక మీ ఊరి పోస్టాఫీసు ముద్ర ఉంటుంది. ముందున్న ఎఫ్.పి.ఓ. తేదీకి, దానికి తేడా చూస్తే ఉత్తరం ఎన్నాళ్లు ప్రయాణం చేసిందో తెలుస్తుంది. ఆ తేడా వేసుకోకుండా ఇద్దరి ఉత్తరాల్నీ తేదీల వారీగా కలిపి చదివితే, ఒకళ్ల మాట ఒకళ్లు వినిపించుకోని మొండివాళ్లలా కనిపిస్తారు.

తల్లి ఉత్తరాలు వేర్వేరు చేతిరాతల్లో ఉంటే అనుమానించకండి. స్కూలు మాస్టారో, పోస్టుమేనో, పక్కింటి కుర్రాడో రాసిపెట్టేవాళ్లు. మాస్టారు రాస్తే గ్రాంథికం, ‘ఉభయకుశలోపరి’ అని మొదలు. కుర్రాడు రాస్తే ఆమె మాట ఉన్నదున్నట్టు దిగుతుంది, ‘గుంటడికి జొరం తగ్గింది, నువ్వేటి తింటన్నావు’ అని. నాకు కుర్రాళ్లు రాసినవే ఇష్టం. చాలామంది చివర్న ఈ ఉత్తరం రాసినవాడు ఫలానా అని తమ నమస్కారం కూడా చేర్చేవాళ్లు. భార్యల ఉత్తరాలు పేలవంగా ఉంటే ఆమెకి ప్రేమ లేదని తీర్పు చెప్పకండి. మామగారి ఎదుట, మాస్టారి చేత, సెన్సారు చదవబోయే కాగితం మీద ఆమె ఏం చెప్పించగలదు?

ఇక 1971 నాటివి. ఇవి చదవడం తేలిక, చిరునామా 56 ఏ.పి.ఓ. (ఆర్మీ పోస్టాఫీసు) లేదా 99 ఏ.పి.ఓ. అని ఉంటుంది. 56 అంటే ఢిల్లీ మీదుగా, 99 అంటే కలకత్తా మీదుగా పంచిపెట్టేవి. 99 ఉంటే తూర్పు వైపు అని చెప్పవచ్చు, అంతే. బంగ్లాదేశ్ యుద్ధంలోకి దిగారా, అస్సాం వైపు కొండల్లో ఉండిపోయారా అన్నది దాంతో తేలదు. దానికి పతకాలు చూడండి. పూర్వీ స్టార్ ఉంటే తూర్పు రంగం, పశ్చిమీ స్టార్ ఉంటే పడమటి రంగం. ఇంటి నుంచి వెళ్లిన కవరు మీద మామూలు స్టాంపుతో పాటు 5 పైసల శరణార్థి సహాయ స్టాంపు ఉంటే అది 1971 నవంబరు 15కీ 1973 మార్చి 31కీ మధ్యది. పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తరువాతిది. యుద్ధం డిసెంబరు 3 నుంచి 16 దాకానే జరిగింది కాబట్టి, ఆ రోజుల్లో రాసిన ఉత్తరాలు చాలా ఇళ్లకి కాల్పులు ఆగిపోయాక చేరాయి. ఢాకాలో లొంగిపోయారని రేడియోలో విన్న తరువాత కూడా ఇంట్లోవాళ్ల టెన్షన్ తగ్గకపోవడానికి ఇదే కారణం. చేతికొచ్చిన ఉత్తరం మీద తేదీ యుద్ధం మొదటి రోజుల్లోది.

దాచడం గురించి, త్వరగా. లామినేషన్ చేస్తే వేడికి, జిగురుకి కాగితం శాశ్వతంగా పాడవుతుంది, తిరిగి విడదీయలేరు. సెలోటేపు వద్దు, స్టేపుల్ వద్దు. కలరా ఉండలు కాగితానికి తగిలేలా వెయ్యకండి. ఊదా రంగులోకి తిరిగిన పెన్సిలు రాత కనిపిస్తే అది కాపీయింగ్ పెన్సిలు, ఆ రోజుల్లో చాలామంది సిపాయిల దగ్గర అదే ఉండేది. దానికి తడి తగిలితే అక్షరం కరిగి పాకుతుంది, తడిగుడ్డతో తుడవడం లాంటి పని అసలు చెయ్యకండి. అన్నభేది, కరక్కాయ సిరా అయితే కాలక్రమంలో కాగితాన్నే తినేస్తుంది, అలాంటివి మడత విప్పేటప్పుడు ముక్కలవుతాయి. విప్పినవాటిని మళ్లీ పాత మడత మీద మడవకుండా, యాసిడ్ లేని కాగితపు కవర్లలో పరిచి పెట్టండి. పెట్టె నేల మీద ఉండకూడదు, గోడకి ఆనకూడదు.

మన వైపు తుఫాను సంగతి మీకు చెప్పక్కర్లేదు. 2013 ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది, 2018 తిత్లీ మీ గజపతి జిల్లానే ముంచింది. తిత్లీ తరువాత నా దగ్గరికి తడిసిన కట్టలు వచ్చాయి. ఎండలో ఆరబెట్టినవి వంకర్లు పోయి పెళుసుగా తయారయ్యాయి. నీడలో, ఫ్యాను గాలికి, మధ్యలో అచ్చులేని తెల్లకాగితం పెట్టి మార్చుకుంటూ ఆరబెట్టినవి చదవడానికి మిగిలాయి. అసలు ఈ వానాకాలం రాకముందే ప్రతి ఉత్తరానికీ రెండు వైపులా, కవరు రెండు వైపులా, ఖాళీగా ఉన్న వైపు కూడా, పగటి వెలుగులో ఫొటోలు తీసి రెండు వేరు వేరు చోట్ల దాచండి.

రికార్డుల కోసం మొదట ఇంట్లోనే డిశ్చార్జి బుక్కు, పింఛను కాగితాలు వెతకండి. ఆర్మీ నంబరు దొరికాక జిల్లా సైనిక్ బోర్డుకి వెళ్లి, ఏ రికార్డు ఆఫీసుకి రాయాలో అడిగి, బంధుత్వం చూపించే కాగితం జత చేసి రాయండి. యుద్ధం అయిపోగానే పింఛను లేకుండా ఇంటికి పంపేసిన 1946 నాటివాళ్ల కాగితాలు అన్నీ దొరకవు. చిన్నతాతగారివి దొరికే అవకాశం ఎక్కువ. అందుకని రెండు దరఖాస్తులూ విడివిడిగా పెట్టండి, ఒకదాని కోసం రెండోది ఆగిపోకుండా.

డీలరు సంగతి. ఆయనకి కావలసింది కవర్లు. ఎఫ్.పి.ఓ. ముద్ర, సెన్సారు ముద్ర ఉన్నవాటికి సేకర్తల దగ్గర ధర పలుకుతుంది, లోపలి తెలుగు కాగితానికి పలకదు. కాబట్టి కవర్లు తీసుకుని ఉత్తరాలు మీకే వదిలేస్తానంటాడు, అది మీకు మంచి బేరంలా అనిపిస్తుంది. కానీ పైన చెప్పినట్టు తేదీ, చోటు, దళం అన్నీ ఉన్నవి కవర్ల మీదే. అవి పోతే మీ చేతిలో మిగిలేవి ఎప్పుడు రాశారో తెలియని వానలు, అప్పులు, జ్వరాలు. మీకు డబ్బు నిజంగా అవసరమైతే అమ్ముకోండి, అందులో తప్పేం లేదు. అమ్మితే జతలు విడదీయకుండా మొత్తం కట్టగా అమ్మండి, అదీ ఫొటోలు పూర్తయ్యాక. ఉత్తరాల్లో భూమి తగాదాలు, బతికున్నవాళ్ల సంగతులు ఉంటే ఆ పేజీలు ఎవరికీ ఇవ్వకముందు ఇంట్లో పెద్దవాళ్లతో ఒక మాట అనండి. ఈలోగా సెన్సారు ముద్ర ఉన్న ఒక కవరు, ర్యాంకు స్పష్టంగా కనిపించే ఒక చిరునామా, ఈ రెండింటి ఫొటోలు ఇక్కడ పెట్టండి. ఆర్మీ నంబరులో చివరి అంకెలు వేలితో మూసి తీయండి, దళం గుర్తుపట్టడానికి నాకు ముందున్న భాగం, ర్యాంకు చాలు.